పెద్ద అక్షరాల బైబిల్

శుక్రవారం, మణికొండ

కళ్ళు మసకబారాయి కదా, స్త్రీల కూడికలో వాక్యం చదివే పని ఇంకెవరికైనా ఇవ్వమని ఈ సాయంత్రం పాస్టరమ్మగారితో చెప్పేద్దామనుకున్నాను. ఈలోపు చెల్లి రూతు తన పాత ట్యాబ్‌లో బైబిల్ యాప్ వేసి తెచ్చింది.

మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి నేర్పింది. రెండు వేళ్ళతో అక్షరాలు పెద్దవి చేయడం, వచనం మీద వేలు నొక్కిపెట్టి రంగు వేయడం, ఒక్క మాట కొట్టి అది ఉన్న వచనాలన్నీ రప్పించడం. ట్యాబ్ తీసిన ప్రతిసారీ నేను కొంగు తలమీదికి లాక్కుంటుంటే దానికి నవ్వు ఆగలేదు.

“ఇంకా పాస్‌వర్డే కొడుతున్నవ్! దానికి గూడ కొంగెందుకక్కా?”

“లోపల వాక్యం ఉంది కదే,” అన్నాను.

కూడికలో ఓదార్పు గురించి చదువుతుండగా బోరబండ సువార్తమ్మ అడిగింది: “ఈ మాట ఇంకెక్కడెక్కడున్నదక్కా?”

ఇదివరకైతే వచ్చే వారం చెబుతాననేదాన్ని. ఈసారి ఆ మాట కొట్టాను. తెర నిండా వచనాలు వరుసగా వచ్చాయి. ఒక్కొక్కటీ తడుముకోకుండా చదివాను.

“జర ఆగు, రాసుకోనియ్యి! ఇయ్యాల రైలు లెక్క ఉరుకుతున్నవ్,” అంది సువార్తమ్మ. అందరం నవ్వాం.

ఇంత సులువుగా దొరుకుతుంటే కంఠతా పట్టడం మానేస్తానేమో... అదొక్కటే దిగులు.

వెళ్ళేటప్పుడు పాస్టరమ్మగారు, “వచ్చే శుక్రవారం ఏ అధ్యాయం చదువుతారండీ?” అని అడిగారు. చెప్పాలనుకున్నది గుర్తుకే రాలేదు. అధ్యాయం చెప్పేశాను.