నాలుగు వేళ్ల ఎడం

సూపర్‌వైజర్ గారికి,

సెలవడిగితే, "కుట్టేవాళ్లకి షికార్లేంటమ్మా?" అని నవ్వారు. అందుకే చెప్పకుండా వచ్చేశాను. ఇది బస్సులో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే తప్పు రోడ్డుది.

ఆరేళ్లుగా మన షెడ్డులో వీపున తగిలించుకునే బ్యాగులు కుడుతున్నాను. పట్టీలు రెండూ మరీ దగ్గరగా ఉన్నాయి, మెడని కోస్తాయని నిరుడే చెప్పాను. "కొలత పైనుంచి వచ్చింది. నీ పని కుట్టడం" అన్నారు. సరే, మోసే చూద్దామని మన బ్యాగే ఒకటి కొని బయల్దేరాను.

నిన్న పచ్చటి పొలాలు దాటాం. పొద్దున ఎర్రటి రాళ్లనేల, ఇప్పుడు పొగమంచు పట్టిన కొండలు. బస్సు మారిన ప్రతిచోటా బ్యాగు నా మెడ కోసింది. పక్కసీటు అమ్మాయిదీ మన బ్యాగే. కందిన మెడ చూపించి, "దీన్ని కుట్టినోళ్లు జన్మలో మోసుండరక్కా" అంది.

"కుట్టింది నేనే" అన్నాను.

పాపం, నాలుక కరుచుకుంది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

బస్సు ఆగిన చోట సూది తీసి, పట్టీలు విప్పి, నాలుగు వేళ్లు ఎడంగా జరిపి కుట్టాను. తగిలించుకుని కొండెక్కి చూశాను. మెడ హాయిగా ఉంది. ఆ అమ్మాయిదీ కుట్టిచ్చాను.

సోమవారం వచ్చి నా మిషను ముందు కూర్చుంటాను. తీసేస్తే తీసెయ్యండి. మీ పాత కొలతకి మాత్రం ఇక ఒక్క కుట్టూ వెయ్యను.

ఇట్లు,
మూడో వరస చివరి మిషను మనిషి