మల్లయ్య చేతి ముద్ద

1949, శ్రావణ సోమవారం, కోదాడ

మా మల్లయ్య నడిచాడు. సూర్యాపేట దారిలో మోటారు బోల్తాపడి కాళ్లు విరిగినప్పటి నుంచి నా పెద్దకొడుకు మంచం దిగలేదు. మంద కుక్కలు రెండూ వాడి చేతి ముద్ద తప్ప ముట్టవు. దొంగలు విషం పెడతారని మేమే అట్లా పెంచాం. ఇన్నాళ్లూ మంచం దగ్గరికే వచ్చి తినేవి. ఇవాళ ముసురుకు గొర్రెలను విడిచి రాలేదు. నేను పెడితే మూతి తిప్పుకున్నాయి.

“పస్తుంటయి నాయినా, జర లేపు” అన్నాడు.

దొడ్డి దాకా నడిచాడు. వచ్చేటప్పుడు అటొక కుక్క, ఇటొక కుక్క, వాటి వీపుల మీద వాడి చేతులు. నేను కుక్కలకు దండం పెట్టాను.

“గవాటికి మొక్కుతవేంది? నడిసింది నేను.”

మిర్యాలగూడలో అక్కకు చెప్పాలి. సూర్యాపేటలో మేనబావకు చెప్పాలి. మాడుగులపల్లిలో పుట్టింటికి చేరిన చిన్నకోడలికీ చెప్పాలి. ఆ మోటారు ప్రమాదంలోనే మా చిన్నోడు పోయాడు. ఆమెకు ఈ మాట ఎట్లా మొదలుపెట్టాలో...