పెరటి తలుపు తెలిసిన మనిషి

అమ్మకు,

నీ చిన్నది రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ అల్లుడూ, పిల్లా క్షేమం. అక్కడ నువ్వూ, అక్కా, బావా కులాసాగా ఉన్నారనుకుంటాను. క్షేమమని రాశానే గాని ఆదివారం ఒక సంగతి జరిగింది. అదేమిటో చివర్లో రాస్తాను. ముందే రాస్తే మిగతా ఉత్తరం నువ్వు చదవవు.

మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, సంతోషం. మెట్లెక్కడానికి మాత్రం తొందరపడకు. ఇక నువ్వడిగినవాటికి వస్తాను.

"ఇల్లు అమ్మిపెట్టమంటే దారిన పోయే దానయ్యలందరికీ తలుపులు బార్లా తీసి కూర్చోవడమేమిటే? కొనేవాడు ఫోన్ చేసి రాడా?" అని దులిపేశావు. అమ్మా, ఓపెన్ హౌస్ అంటే అదే మరి! ఫోన్ చేసి వచ్చేవాడు బేరానికి సిద్ధమై, మొహం బిగించుకుని వస్తాడు. ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్ళు ఇల్లంతా తిరుగుతూ మనసులో మాట పైకే అనేస్తారు. వంటిల్లు చీకటిగా ఉందని వాళ్ళు గొణిగితేనే నాకు తెలిసింది, బల్బు మార్చాను. ఈ ఇల్లు నచ్చనివాళ్ళు ఇంకో ఇల్లు చూపించమని మళ్ళీ నన్నే పిలుస్తారు. ఎదురింటి మామ్మగారు కూడా వచ్చి, మన పడకగది ఎంతుంటుందో అన్న ఇన్నేళ్ళ ఆరాటం తీర్చుకుని వెళ్ళింది.

గోడల మీద ఫొటోలు తీసేశానని తెలిసి బాధపడ్డావట. అది ఇళ్ళు అమ్మిపెట్టే మా ఏజెంట్ల పద్ధతి. మన ఫొటోలుంటే వచ్చినవాళ్ళకి చుట్టపుచూపుగా వచ్చినట్టుంటుంది గాని, తమ ఇల్లనిపించదు. అన్నీ దుప్పట్లో చుట్టి మా బీరువాలో పెట్టాను. యజమాని ఎవరో, ఎందుకు అమ్ముతున్నారో కూడా మేం చెప్పం. మామ్మగారికి తప్ప, నేనీ ఇంటి పిల్లనని వచ్చినవాళ్ళెవరికీ తెలియదు.

ఇక పెరటి తలుపు. "దాన్ని ముట్టుకోవద్దు, వడ్రంగిని పిలవొద్దు" అని రెండు ఉత్తరాల్లోనూ రాశావు. బిగుసుకుపోయిన తలుపు చూస్తే ఎవరు కొంటారని నీమీద విసుక్కుని వడ్రంగిని పిలిచాను. ఆయన రాలేదు కాబట్టి నీ మాటే నెగ్గింది.

అమ్మా, ఇక్కణ్ణుంచి కూర్చుని చదువు.

ఆదివారం జనం పలచబడ్డాక ఒక పెద్దాయన వచ్చాడు. గదులేవీ చూడలేదు. తిన్నగా వంటింట్లోంచి పెరటి తలుపు దగ్గరికి నడిచాడు. "అది మామూలుగా రాదండీ, బిగుసుకుపోయింది" అని నేనంటూనే ఉన్నాను. ఎడంచేత్తో గడియ పైకెత్తి, మోకాలితో కిందన ఒక్క పోటు పొడిచాడు. తలుపు తెరుచుకుంది. ఆ కిటుకు నువ్వే నాకూ అక్కకూ నేర్పావు. నీకెవరు నేర్పారో మేమెప్పుడూ అడగలేదు.

అప్పుడు మొహం చూశాను. నేను రోజూ అద్దంలో తిట్టుకునే ముక్కు, అమ్మా! అచ్చం అదే! నాకు ఆరేళ్ళప్పుడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయిన నాన్న, నీ వంటింట్లో నిలబడి ఉన్నాడు. చేతిలో తాళాలు జారిపడితే ఆయనే వంగి తీసిచ్చాడు. నన్ను గుర్తుపట్టలేదు.

"దీన్ని ఇంకా బాగుచేయించలేదే!" అన్నాడు తనలో తాను. తర్వాత నాతో, "ఈ ఇంటావిడ... బతికే ఉందా అమ్మా?" అన్నాడు.

నాన్నా అని పిలవాల్సిన నోరు ఏమందో తెలుసా? "యజమానుల వివరాలు మేం చెప్పకూడదండీ." కోపమో భయమో నాకే తెలియలేదు. అలవాటైన ఆ ఒక్క మాట తప్ప ఇంకేమీ రాలేదు.

"నిజమేలే. తలుపు కొట్టే మొహం లేదు నాకు. ఎవరైనా లోపలికి రావచ్చని బయట బోర్డు పెట్టారు కదా, అది చూసి వచ్చాను" అన్నాడు. గుమ్మం దాటుతూ, మళ్ళీ ఎప్పుడు తెరుస్తారని అడిగాడు. నెలాఖరు ఆదివారమన్నాను. వచ్చిన ప్రతివాడి ఫోన్ నంబరూ వదలకుండా అడిగేదాన్ని, ఆయన్ని అడగడం మర్చిపోయాను!

మీ అల్లుడికి కూడా ఇంకా చెప్పలేదు. ముందు నీకే రాస్తున్నాను.

ఆ రోజు పొద్దున వచ్చిన ఒక జంటకి ఇల్లు తెగ నచ్చింది. నువ్వు సరేనంటే వాళ్ళకి ఇచ్చేస్తాను. అప్పుడు నెలాఖరుకి నేను తలుపు తీసే పనే ఉండదు. ఆయన వస్తాడు, తాళం చూస్తాడు, వెళ్ళిపోతాడు. ఎక్కడని వెతుకుతాం?

ఓపెన్ హౌస్ వల్ల ఒరిగేదేమిటని అడిగావుగా. నేనూ ఒకటి అడుగుతాను. ఇన్నేళ్ళూ ఆ పెరటి తలుపు ఎవరి కోసం అలా ఉంచావమ్మా? దీనికి జవాబు రాయనక్కర్లేదు. నెలాఖరుకి తలుపు తీయమంటావో వద్దో, ఆ ఒక్క ముక్క రాయి.

ఇట్లు,
ఆయన ముక్కే వచ్చిన
నీ చిన్నకూతురు