పేరు పెట్టని పుస్తకం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి నాన్న దీవెనలు.

ఇక్కడ ఇద్దరం కులాసా. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, నా నోటి దురద తగ్గలేదు.

"వారంలో చదివి తెచ్చిస్తాను బావా" అని మీ మామయ్య నా రాతప్రతి పట్టుకుపోయి ముప్పై నాలుగేళ్ళు. మూడు వందల పేజీలు, ఉన్నది ఒక్కటే ప్రతి. బస్సులో వదిలేసి దిగాడు. ఆ కథ నీకు జోలపాటలా వినిపించానని మీ అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. మళ్ళీ అదే ఎత్తుకున్నానని విసుక్కోకు, కారణం ఉంది.

కిందటి ఉత్తరంలో అడిగావు: "నాన్నా, పనయ్యాక లాప్‌టాప్ షట్‌డౌన్ చేస్తున్నావా, ఊరికే మూత వేస్తున్నావా?" చేస్తున్నానని ఇదివరకు రెండుసార్లు రాశాను. అబద్ధం. షట్‌డౌన్ చేయాలంటే ముందు అన్నీ మూసేయాలి. మూసేస్తే రాసింది మళ్ళీ కనబడదేమోనని భయం. ముప్పై ఏళ్ళు ప్రెస్సులో పెద్దపెద్ద పండితుల అచ్చుతప్పులు దిద్దినవాణ్ణి, సేవ్ చేయడం తెలియదని ఎవరితో చెప్పుకోను? పోయిన నా ఆత్మకథ మళ్ళీ మొదలుపెట్టి రెండు నెలలు, అప్పట్నుంచీ మూత వేయడం, తీయడం. తీయగానే వాక్యం ఆపిన చోటే ఉండేది. నన్ను తొక్కిన ప్రతివాడికీ జవాబు చెబుతూ ఎనభై పేజీలు అలాగే రాశాను.

పోయిన వారం గదికి రంగులు వేయించాం. పనివాళ్ళు బల్ల జరుపుతూ ఛార్జర్ పీకేశారు. ఐదో రోజు మూత తీస్తే చీకటి. బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. పుస్తకం రెండోసారి కూడా పోయింది, మూడోసారి రాసే వయసు కాదు.

మీ అమ్మ నాతో చెప్పకుండా ఆ తమ్ముడికే ఫోన్ చేసింది. అరగంటలో ఊడిపడ్డాడు.

"దీనికి ఆకలేసిందంతే బావా" అని ఛార్జర్ పెట్టాడు. "మూత వేస్తే పడుకుంటుంది. పడుకున్నా కొంచెం కొంచెం ఛార్జింగ్ తింటూనే ఉంటుంది. ఇక అయిపోతోందనగా ఉన్నదంతా లోపల దాచుకుని ఆగిపోతుంది. దాన్నే హైబర్నేట్ అంటారు. దాచుకుని ఉంటే బతికినట్టే."

"దాచుకోకపోతే?"

"ఇంకో ముప్పై నాలుగేళ్ళు నన్ను తిట్టుకో."

కాసేపటికి తెర వెలిగింది. సగంలో ఆపిన వాక్యం, దాని చివర మిణుకుమంటున్న గీత. మీ అమ్మ నా వీపు నిమిరింది.

ఇంతవరకూ చెప్పనిది ఒకటుంది. ఆ తెర మీదున్నది మీ మామయ్య మీద రాసిన అధ్యాయం. అతను వంగి మొత్తం చదివాడు. నేను ఆపలేదు.

"ఆ రోజు బస్సులో నిద్రపోయాను బావా" అన్నాడు. "దిగాల్సిన చోటు దాటిందని గాభరాగా దూకేశాను. సంచి గుర్తొచ్చేసరికి బస్సు మలుపు తిరిగింది. మూడు స్టాపులు వెనకాలే పరిగెత్తాను. అది కూడా రాసుకో."

ఆ పరుగు సంగతి ఇన్నేళ్ళలో నేను అడగలేదు, అతను చెప్పలేదు. మర్నాడే రాశాను. తిట్లు మాత్రం తీయలేదు.

ఇక నీ ప్రశ్నకు నిజం జవాబు. కాఫీకి లేస్తే మూత వేస్తున్నాను. రెండు మూడు రోజులు ముట్టననుకుంటే హైబర్నేట్. ఆ రోజుకి పని ముగిసిందంటే షట్‌డౌన్. ఏది చేసినా ముందు సేవ్. అదీ అతనే నేర్పాడు.

మొదటిసారి సేవ్ చేయబోతే అది పేరడిగింది.

"పుస్తకం పేరేంటి బావా?"

"ఇంకా అనుకోలేదు. ప్రస్తుతానికి దోషి ఎవరో రాసిపెట్టు."

నా వంక ఒకసారి చూసి, చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. అచ్చుతప్పు లేదు. మార్చబుద్ధి కాక అలాగే ఉంచాను. ఇప్పుడు రోజూ హాయిగా షట్‌డౌన్ చేస్తున్నాను, పొద్దున్నే తెరిస్తే ఆ పేరుతోనే కనబడుతోంది: 'బావమరిది'.

ఇట్లు,
మీ నాన్న