బుధవారం బండి

హామ్‌ట్రామిక్,
డిసెంబర్ 2, 1978

ప్రియమైన చెల్లి వాండాకి,

బండి బయలుదేరింది. వచ్చే వారానికల్లా మీ ఊరి డీలరు దగ్గరికి చేరుతుంది. ముదురాకుపచ్చ మార్‌డెన్ లేక్‌లాండ్, నాలుగు తలుపులు. నీ మొగుడు ఆర్వోకి ఎరుపు కావాలని తెలుసులే. ఇనుప గనిలో రోజంతా ఎర్రదుమ్ములో మునిగే మనిషికి మళ్ళీ ఎరుపెందుకట?

అసలు సంగతి చెప్పనీ. ఇది బుధవారం బండి! సోమవారం చేసిన బండి కొని గానీ, శుక్రవారం చేసింది కొని గానీ సుఖపడ్డవాణ్ణి మా ఫ్యాక్టరీ లైన్లో ఎవరూ చూడలేదు. సోమవారం సగంమందికి తాగింది దిగదు, శుక్రవారం సగంమంది మధ్యాహ్నమే జారుకుంటారు. ఆ ఖాళీల్లో ఎవడు దొరికితే వాణ్ణి నిలబెడతారు. అందుకే మావాళ్ళు సొంత మనుషులకి బుధవారం బండే అడుగుతారు. రవాణా గుమాస్తాకి మీ వదిన చేసిన పీరోగీలు డబ్బా నిండా ఇచ్చి మరీ సాధించాను.

తనిఖీ కాగితం మీద నా ముద్ర 47 ఉంటుంది. ప్రతి బోల్టూ నేనే చూశాను. తాత ఈ కంపెనీలో చేరిన కొత్తలో మార్‌డెన్ బండి గడ్డకట్టిన సరస్సు మీద ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి పోయిందట, చచ్చేదాకా అదే చెప్పేవాడు. నాన్న బండి రెండు లక్షల మైళ్ళు తిరిగి, ఆయన పోయాక కూడా రెండేళ్ళు బతికింది. ఇప్పుడేమో జపాను బళ్ళు వచ్చేస్తున్నాయని ఊరంతా ఒకటే ఏడుపు. రానీ, చూద్దాం.

ఆర్వోకి చెప్పు, మొన్న వేటలో వాడు కొట్టింది జింక కాదు, కొమ్ములు మొలిచిన మేక అని.

ప్రేమతో,
నీ అన్నయ్య బ్రోనెక్


ఐరన్ లేక్,
ఏప్రిల్ 20, 1979

ప్రియమైన అన్నయ్యకి,

వదినకి ఒంట్లో ఎలా ఉంది? ఇక్కడ ఇంకా మంచు పూర్తిగా కరగలేదు.

నీ బుధవారం బండి గురించి చెప్తాను, కోప్పడకు. వెనక తలుపు పిడి నా చేతికే ఊడి వచ్చింది. గడియారం రోజుకి అరగంట ముందుకెళ్తోంది, దాన్ని నమ్ముకుని ఆర్వో గనికి ముందే వెళ్ళి గేటు దగ్గర నిలబడుతున్నాడు. ఇవన్నీ సరే. ఎడమవైపు పూర్తిగా తిప్పినప్పుడల్లా ముందు చక్రం దగ్గర కీచుమంటోంది. కుడికి తిప్పితే ఏమీ లేదు. "ఎడమకెళ్తే సరస్సు, కుడికెళ్తే గని. దీనికి నేను చేపలు పట్టడం ఇష్టం లేదే, అచ్చం నీలాగే," అంటాడు ఆర్వో.

మా అత్తగారు ఐలీ సంగతి తెలుసుగా. పదకొండేళ్ళయినా ఈ ఫిన్నిష్‌వాళ్ళ ఇంట్లో నేనింకా ఆవిడకి రాష్ట్రం దిగువనుంచి వచ్చిన పోలిష్ పిల్లనే. "మీవాళ్ళు చేసిన బండేగా, అదీ మీలాగే నోరు మూసుకోదు," అంది. నవ్వొచ్చింది గానీ ఆవిడ ముందు నవ్వలేదు.

డీలరు దగ్గరికి రెండుసార్లు తీసుకెళ్ళాం. "కొత్త రబ్బరమ్మా, సర్దుకుంటుంది," అని పంపేశాడు. నువ్వేమంటావు?

నీ చెల్లి,
వాండా


హామ్‌ట్రామిక్,
మే 6, 1979

ప్రియమైన వాండాకి,

డీలరు చెప్పింది నిజమే. రబ్బరు కొత్తది, అరిగితే చప్పుడు పోతుంది. వాళ్ళకీ వీళ్ళకీ చూపించి గోల చేయకు, విప్పినకొద్దీ చెడగొడతారు. జులైలో ఫ్యాక్టరీ సెలవులకి మూసినప్పుడు ఎలాగూ వస్తాను, నేనే చూస్తాను.

మీ వదిన కులాసా. పని ఎక్కువగా ఉంది, అందుకే పొట్టి ఉత్తరం.

బ్రోనెక్


ఐరన్ లేక్,
అక్టోబర్ 29, 1979

ప్రియమైన అన్నయ్యకి,

అంత్యక్రియలకి మీరిద్దరూ వచ్చారు, నాకు ఆ మాత్రం గుర్తుంది. ఎవరితో ఏం మాట్లాడానో గుర్తు లేదు. ఇప్పుడు ఇల్లు ఖాళీ అయింది, అందుకని రాస్తున్నాను.

అప్పుడు నీకు చెప్పనిది ఒకటుంది. సెప్టెంబర్‌లో గనివాళ్ళు ఆర్వోని పనిలోంచి తీసేసి ఇంటికి పంపాక మనిషి మనిషిలా లేడు. వంటింట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉండేవాడు. ఆ గురువారం పొద్దున నాకు ఒళ్ళు మండి, "ఇక్కడే కూర్చుని నా ప్రాణం తీయకు, ఎటన్నా పో," అన్నాను. టోపీ పెట్టుకుని బండి తీసుకుని వెళ్ళాడు. పదకొండింటికి, మంచి ఎండలో, పొడి రోడ్డు మీద, సరస్సు వాలు దగ్గర ఎడమ మలుపు తిరగకుండా తిన్నగా నీళ్ళలోకి వెళ్ళిపోయాడు. రోడ్డు మీద బ్రేకు వేసిన గీత ఒక్కటి లేదు.

షెరీఫ్ మంచివాడే. "చూడమ్మా, ఆగాలనుకున్నవాడు బ్రేకు తొక్కుతాడు కదా," అన్నాడు. ఊళ్ళో అందరికీ ఆ మాట చాలు. మా అత్తగారు సమాధి దగ్గరే అందరిముందూ అనేసింది: "నా కొడుకుని నీళ్ళలోకి తోసింది నువ్వే. నీ నోరు భరించలేక పోయాడు."

అన్నయ్యా, ఆ బండి చేసిన చోట ఉన్నవాడివి నువ్వు. అందులో ఏదైనా లోపం ఉందా? ఉందంటే ఉందని రాయి, లేదంటే లేదని రాయి. నేను పొమ్మంటే పోయాడా, లేక బండి ఆగక పోయాడా? ఇది తెలియకుండా నేను బతకలేను. నీ మాటే నాకు ప్రమాణం.

వాండా


హామ్‌ట్రామిక్,
నవంబర్ 8, 1979

ప్రియమైన చెల్లి వాండాకి,

నీ ఉత్తరం చదివి మీ వదిన రెండ్రోజులు ఏడ్చింది.

బండిలో ఏ లోపమూ లేదు. ప్రతి బోల్టూ నేనే చూశాను, ముద్ర నేనే వేశాను. ఆర్వో మనసులో ఏముందో దేవుడికే తెలుసు. నువ్వన్న మాట ప్రతి ఇంట్లో ప్రతి ఆడదీ అనేదే, దాన్ని పట్టుకుని కుమిలిపోకు. ఆ బండిని తుక్కుకి ఇచ్చెయ్, కళ్ళముందు ఉంచుకోకు.

ఈ ఏడు నేను వేటకి రావడం లేదు.

నీ అన్నయ్య,
బ్రోనెక్


ఐరన్ లేక్,
మార్చి 14, 1980

ప్రియమైన అన్నయ్యకి,

క్రిస్మస్‌కి నువ్వు రాలేదు, ఫోను కూడా చేయలేదు. నేనూ చేయలేదులే.

నీ నవంబర్ ఉత్తరం షెరీఫ్‌కి చూపించాను. ఫ్యాక్టరీ తనిఖీదారు, పైగా నా సొంత అన్న రాశాడంటే ఇంక ఏముంటుంది? కాగితాలు మూసేశాడు. మా అత్తగారి దగ్గరికెళ్ళి వంటింట్లో నిలబడి చదివి వినిపించాను. "చూశావా, మీ అన్నే అంటున్నాడు బండి మంచిదని. మరి చెడ్డది ఏమిటి ఇంట్లో?" అని తలుపు తీసి పట్టుకుంది, నేను బయటికి నడిచేదాకా.

బండిని తుక్కుకి ఇవ్వలేదు. కొట్టంలో ఉంది, తలుపు తీస్తే సరస్సు వాసన గుప్పుమంటుంది. చలికాలమంతా రోజూ మధ్యాహ్నం వెళ్ళి అందులో కూర్చున్నాను. సీటు ఆర్వో కాళ్ళకి సరిపడా వెనక్కి జరిపినట్టే ఉంది, నా కాళ్ళకి పెడళ్ళు అందవు. అందక, అలాగే కాళ్ళు వేలాడేసుకుని, "నామీద అంత కోపమా?" అని అడిగేదాన్ని. ఒక్కోసారి బూతులు తిట్టేదాన్ని కూడా. నేను కుర్చీ జరిపినా, పక్కింటివాళ్ళ గేటు కదిలినా ఆ కీచుమన్న చప్పుడే వినపడుతుంది. చర్చిలో పాట మధ్యలో వినపడి లేచి వచ్చేశాను. అంత్యక్రియలయ్యాక అతని సమాధి దగ్గరికి ఇంతవరకూ వెళ్ళలేదు. నన్ను వద్దనుకుని పోయినవాడి దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

పోయిన మంగళవారం గ్యారేజీ రేనో వచ్చి సీట్లు కొనుక్కుంటానన్నాడు. వెనక సీటు ఎత్తితే దాని స్ప్రింగుల్లో ఒక కాగితం ఇరుక్కుని ఉంది. తడిసి ఆరి అట్టలా అయింది గానీ టైపు అక్షరాలు పోలేదు. బండి తయారీ కాగితం. కింద నీ ముద్ర, 47. పైన తేదీ, నవంబర్ 15, 1978. బుధవారమే, అబద్ధం చెప్పలేదు నువ్వు.

కానీ అన్నయ్యా, నవంబర్ పదిహేను జింకల వేట మొదలయ్యే రోజు. ఈ రాష్ట్రంలో ఆ రోజు పనికెళ్ళే మగాడెవడు? పాస్టర్లే చర్చి మూసి అడవికి పోతారు. నువ్వూ ఆర్వో ఆ జింకని చెరోపక్క పట్టుకుని దిగిన ఫొటో నా గోడ మీద ఉంది. వెనక ఆర్వో రాత: "మొదటి రోజు, నవంబర్ 15, 1978". ఆ సాయంత్రం నువ్వు నా బల్ల దగ్గర కూర్చుని పాస్టీలు నాలుగు తిన్నావు.

నువ్వు ఇక్కడుంటే, అక్కడ నీ ముద్ర ఎవరు వేశారు?

వాండా


హామ్‌ట్రామిక్,
ఏప్రిల్ 2, 1980

వాండా,

రెండు వారాలుగా రాసి చింపుతున్నాను. ఈసారి చింపను.

ముద్ర ఓర్విల్ వేశాడు, లైన్లో నా పక్కవాడు. మాలో అది మామూలే. వేట మొదటి రోజు ఒకడు పైవాళ్ళకి చెప్పకుండా అడవికి పోతే ఇంకొకడు రెండు ముద్రలూ జేబులో పెట్టుకుని ఇద్దరి పనీ చేస్తాడు. మరుసటేడు వీడి వంతు. బుధవారం బండి కావాలని గుమాస్తాని అడిగానే గానీ, ఏ బుధవారమో చూడలేదు, మూర్ఖుణ్ణి. ఏడాది మొత్తంలో ఏ సోమవారం కన్నా అధ్వాన్నమైన రోజు అది. కాగితం చేతికొచ్చాకే తేదీ చూశాను. అప్పటికే మా చెల్లికి బుధవారం బండి పంపుతున్నానని బార్లో అందరికీ చెప్పుకున్నాను. వెనక్కి పంపమంటే, వేటకి పోయినవాడి ముద్ర ఎలా పడిందని అడుగుతారు. ఓర్విల్‌కి నలుగురు పిల్లలు. అందుకని నీకు ఆ మొదటి అబద్ధం రాశాను.

నువ్వు కీచుమంటోందని రాసినప్పుడు ఓర్విల్‌ని నిలదీశాను. "ఆ రోజు ముందు ఎడమ చక్రం దగ్గర ఆఫీసు గుమాస్తాని నిలబెట్టారు బ్రోనెక్. బ్రేకు గొట్టాన్ని పట్టుకునే క్లిప్పులు పదింటికే అయిపోయాయి. లైను ఆపమంటే ఫోర్‌మన్, పోనీ, డీలరు చూసుకుంటాడులే, అన్నాడు," అని చెప్పాడు. క్లిప్పు లేకపోతే ఎడమకి తిప్పినప్పుడల్లా ఆ రబ్బరు గొట్టం టైరుకి రాసుకుంటుంది. ఆ చప్పుడే నువ్వు విన్నది.

జులైలో వచ్చినప్పుడు క్లిప్పు నా జేబులోనే ఉంది వాండా. ఆర్వో నన్ను సరస్సుకి తీసుకెళ్ళాడు. మలుపులో చప్పుడు రాలేదు. "పోయింది చూశావా, నీ రబ్బరు సర్దుకుంది," అన్నాడు వాడు నవ్వుతూ. నేను హమ్మయ్య అనుకున్నాను. అంత తెలిసినవాణ్ణి, చప్పుడు పోయిందంటే గొట్టం అరిగిపోయిందని నాకు తట్టలేదు. తట్టకూడదనుకున్నానేమో. వాడి ముందు బండి కింద దూరితే ఎందుకని అడుగుతాడని భయపడ్డాను, అంతే.

వాడు బ్రేకు తొక్కే ఉంటాడు. పెడల్ నేలకి దిగిపోయి ఉంటుంది, ఆ వాలులో ఆ వేగానికి మలుపు తిరగలేకపోయి ఉంటాడు. చక్రం ఆగితేనే కదా గీత పడేది.

గంటకి అరవై బళ్ళు నా ముందునుంచి పోతాయి. నిమిషానికొక ఆర్వో డ్రైవరు సీట్లో కూర్చుని పోతుంటాడు. ప్రతి బండి కిందా చెయ్యి పెట్టి ఆ క్లిప్పు తడుముతున్నాను, నాది కాని పని అది. నాకు పిచ్చెక్కిందని వెనకాల నవ్వుకుంటున్నారు.

నన్ను క్షమించు. నువ్వేం చెయ్యమంటే అది చేస్తాను.

బ్రోనెక్


ఐరన్ లేక్,
ఏప్రిల్ 21, 1980

బ్రోనెక్‌కి,

నీ ఉత్తరం పట్టుకుని రేనోని పిలిచాను. బండి కింద పడుకుని చూశాడు. గొట్టానికి వేలిగోరంత చిల్లు. "క్లిప్పు ఊడిపోవడం కాదమ్మా, అసలు పెట్టనే లేదు. బోల్టు కన్నంలో పెయింటు గీరుకోలేదు," అన్నాడు. నేను అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాను. పాపం రేనో భయపడిపోయాడు. సంతోషంతో ఏడుస్తున్నానని అతనికెలా తెలుస్తుంది?

ఆర్వో నన్ను వదిలి పోలేదు. ఆగాలని తొక్కాడు. ఇంటికి రావాలనుకున్నాడు.

మొన్న ఆదివారం సమాధి దగ్గరికి వెళ్ళాను. ఆర్నెల్లు వెళ్ళనందుకూ, తిట్టినందుకూ నన్ను క్షమించమని అతన్ని అడిగాను. నువ్వేమో నిన్ను క్షమించమంటున్నావు. బండి సంగతి అయితే క్షమించేదాన్నేమో, ఏమో. వేటకి పోయావు, సిగ్గుపడ్డావు, భయపడ్డావు. మనుషులన్నాక పడతారు. కానీ నవంబర్‌లో నేను బతకలేనని రాసి అడిగాను. అన్నీ తెలిసి, లోపమేమీ లేదని రాశావు. బండి అతన్ని ఒకసారి చంపింది, నీ ఉత్తరం రెండోసారి చంపింది. నా భర్త నాకంటే సరస్సే నయమనుకున్నాడని నమ్మి ఒక చలికాలమంతా గడిపాను నేను. అది నువ్వు నాకిచ్చావు. తిరిగి తీసుకోలేవు.

మా అత్తగారికి కూడా చెప్పబోయాను. గుమ్మంలోకే రానివ్వలేదు. "మీ అన్న కాగితం నువ్వే చదివావుగా," అంది. ఆవిడ లెక్కలో తన కొడుకు ఆత్మహత్య చేసుకున్నవాడే. తల్లి కదా, నాకన్నా ఎక్కువ కాలుతోంది లోపల. నేను చెప్తే నమ్మదు. రేనో చెప్పినా నేనే చెప్పించానంటుంది. అబద్ధం ఎవరు రాశారో వాళ్ళే వెళ్ళి చెప్పాలి.

ఏం చెయ్యమంటే అది చేస్తానన్నావు. శనివారం బస్సులో రా. నా దగ్గరికి కాదు, తిన్నగా ఆవిడ ఇంటికి వెళ్ళు. షెరీఫ్ సంగతి తర్వాత. ఉత్తరం రాసి పంపుదామనుకోకు, ఆవిడ ఫిన్నిష్ తప్ప చదవలేదు. ఈ చలికాలంతో రెండు చెవులూ దాదాపు పోయాయి. గుమ్మంలో నిలబడి గట్టిగా చెప్పాలి. వీధి చివరిదాకా వినపడినా సరే, ఆవిడకి అర్థమయ్యేదాకా చెప్పు.

ఆర్వో భార్య,
వాండా