మూడోసారి పిలిస్తేనే పలికే వీధి

మావా, ఆ ఇంట్లో ఎలాంటి చావు జరిగిందో తెలిసే నన్ను అందులో పెట్టావు. ఇప్పుడు నీ కూతురినీ, పసిబిడ్డనూ సోమవారం పాతపట్నంలో బస్సెక్కిస్తానని రాశావు. అందుకే ఈ ఉత్తరంలో క్షేమ సమాచారాలు లేవు.

శ్రీకాకుళంలో బియ్యం మిల్లులో పనిచేసినప్పుడు సగం వసారా అద్దెకు తీసుకుని, వాన పడితే కూర్చునే నిద్రపోయేవాణ్ణి. నువ్వే వచ్చి, "ఒరే, విజీనారం ఎల్లిపో. గోనెల మిల్లులో కూలెక్కువ. మా పెదనాన్న కొడుకు ఇల్లు కాళీగా ఉన్నాది, సగం అద్దెకే ఇస్తాడు" అన్నావు. నిజమే. ఇక్కడ బియ్యం ప్రియం, కట్టెలు ప్రియం. అక్కడ నాగావళి చేప వచ్చే డబ్బుకు ఇక్కడ ఎండుచేప రాదు. అయినా రెండు గదులూ, పెరట్లో నుయ్యీ ఆ అద్దెకు! ఇక్కడే నాలుగు డబ్బులు మిగులుతాయని సంబరపడ్డాను.

మనుషులే వింత. ఇంట్లోంచి ఎవరిని పిలిచినా పలకరు. మళ్ళీ పిలిచినా పలకరు. మూడోసారికి తల తిప్పుతారు. పట్నం పొగరనుకున్నాను. వెనక గోడకు తలుపంత మేర కొత్త మట్టి మెత్తి ఉంది. ఇన్ని ఎండలు కాసినా ఆరలేదు, ముట్టుకుంటే చేతికంటుతుంది. చెమ్మనుకున్నాను.

మొన్న పాలు పోసే అప్పలనరసమ్మతో దెబ్బలాడాను. "ఏటమ్మా, సెవుడా?"

"సెవుడు కాదు బాబూ, బయం. ఆ ముసలాయన సెడ్డ నచ్చత్రంలో పోనాడు. సవాన్ని గుమ్మంలోంచి తియ్యకూడదని గోడ కొట్టి తీసినారు. ఆర్నెల్లు తాళమెయ్యాల. నిన్నెట్టినారు. పోనోడు రెండుసార్లే పిలుస్తాడంట. మూడోసారి పిలిస్తే మడిసే. అందుకే ఆగతాం."

నవ్వేశాను. ఇలాంటివి నేను నమ్మనని నీకు తెలుసు. ఆ ముసలాయన నీ పెదనాన్నే కదా, ఆయన దినం భోజనానికి నువ్వు వచ్చి కూడా నాతో చెప్పలేదేమని మాత్రం ఒళ్ళు మండింది.

నిన్న సాయంత్రం పని దిగి వచ్చేసరికి ఆవిడ వీధి మొగలో నిలబడి ఉంది.

"మీ ఆడమనిసి ఎప్పుడొచ్చినాది?"

"రాలేదే."

"మజ్జానం లోపల్నించి పిలిసినావు కదా, 'నీలమ్మా' అని. నీ గొంతే. మూడుసార్లూ పిలిసినావు."

తాళంచెవి నా మొలతాడుకే ఉంది. మధ్యాహ్నం నేను మిల్లులో ఉన్నాను. ఈ వీధిలో ఎవరికీ నా భార్య పేరు చెప్పలేదు. ఆ ఇంట్లో దాని పేరు తెలిసినవాడు నీ పెదనాన్న ఒక్కడే.

పెట్టె తీసుకుని వచ్చేశాను. మిల్లు గేటు దగ్గర టీకొట్లో పడుకుంటున్నాను. శ్రీకాకుళంలో మళ్ళీ పని చూసుకుంటాను. అత్తకు నా దణ్ణాలు. నీకు ఇప్పుడు పెట్టలేను.

నీలమ్మను బస్సెక్కించకు. నేనే వస్తాను. అప్పటిదాకా వాకిట్లోంచి నా గొంతు ఎన్నిసార్లు పిలిచినా, నువ్వు బయటికొచ్చి నా ముఖం చూశాకే దాన్ని పలకనియ్యి.

శనివారం లోపల నీ జవాబు నాకు అందాలి. టీకొట్టు పేరు మీద రాయి. ఇంటికి రాస్తే ఎవరు అందుకుంటారో నాకు తెలియదు.

సన్యాసి