బోర్డు కడిగిన నేరం

మార్చి 3, సోమవారం

బోర్డు కడిగింది నేనే. అది ఒప్పుకుంటాను. తప్పు చేశానంటే మాత్రం ఒప్పుకోను.

నాకు అక్షరం ముక్క రాదు. ఫోనులో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుందని మనవరాలు చూపించింది. తేదీ కూడా అదే వేసుకుంటుందట. మంచిదే. నా తరఫున ఒక్కరైనా ఉండాలి కదా, ఫోనే ఉండనీ.

జరిగింది ఇది. మనవరాలి కంపెనీ ఎక్కడో దేశాల అవతల ఉంది. పిల్ల మాత్రం ఈ సముద్రపు ఊళ్ళో అద్దెకుంటుంది. పొద్దున బోర్డెక్కి అలల మీద నిలబడటం నేర్చుకుంటుంది, మధ్యాహ్నం నుంచి లాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. ఈ వీధిలో సగం మంది అంతే. పైన ఇస్త్రీ చొక్కా, కింద తడి నిక్కరు. నాలుగు రోజులు వండిపెట్టి పోదామని వచ్చినదాన్ని, ఇక్కడే పాతుకుపోయాను.

నిన్న వరండాలో దాని బోర్డు చూశాను. పైనంతా జిడ్డు, ఇసుక, వెంట్రుకలు. ఆడపిల్ల వస్తువు ఇలాగేనా ఉండేది! వేడినీళ్ళు పోసి, సబ్బు పెట్టి, పీచుతో తోమి తోమి వదిలాను. అద్దంలా మెరిసింది. అందులో చూసుకుని బొట్టు కూడా దిద్దుకున్నాను.

తీరా అది జిడ్డు కాదట. మైనమట. కాలు జారకుండా కావాలనే రుద్దుతారట. ఈరోజు పిల్ల అల మీద లేవబోయి సబ్బుబిళ్ళలా జారింది. మోచెయ్యి గీరుకుపోయింది.

నేనడిగేది ఒకటే. అది మైనమని నాకెవరైనా చెప్పారా?

మార్చి 4, మంగళవారం

వీడియో కాల్‌లో నా కూతురికి మోచేతి కట్టు కనబడింది. ఇక అందుకుంది. అమ్మా, అది ఉద్యోగం చేసుకోవాలా, నిన్ను కాసుకుని కూర్చోవాలా, దానికెందుకు అడ్డం, శనివారం వస్తున్నా, బట్టలు సర్దుకో అంది.

దాని ఫ్లాటు నాకు తెలుసు. బాల్కనీకి వల. ఎదురు బాల్కనీకి ఇంకో వల. పావురాలేమో బయట తిరుగుతాయి, మనుషులు వలలో ఉంటారు.

నేను పోను.

మార్చి 5

సర్దలేదు.

మార్చి 6, గురువారం

పిల్లకి అలల పాఠం చెప్పే బోర్డు మాస్టారు ఇంటికొచ్చాడు. మామ్మగారూ, వదిలించింది మీరే కాబట్టి పట్టించేది కూడా మీరే అని మైనం బిళ్ళ నా చేతిలో పెట్టాడు. చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు రుద్దాలి. ముందు ఏమీ కనబడదు. రుద్దగా రుద్దగా చెమటకాయల్లా పొక్కులు లేస్తాయి. కాలికి పట్టు అదేనట. నిదానంగా మామ్మగారూ అన్నాడు. ఆ సరుకు నా దగ్గర లేదు నాయనా అన్నాను.

పక్క గదిలో పిల్ల మీటింగులో ఉంది. ఆ బరబర చప్పుడేంటని వాళ్ళ బాసు అడిగాడట. మా అమ్మమ్మ బోర్డుకి మైనం పడుతోందని చెప్పిందట. చూపించమని అందరూ ఒకటే గోల. లాప్‌టాప్ ఎత్తుకొచ్చి చూపించింది. ఒక్కో గళ్ళో ఒక్కో తలకాయ. అందరూ చేతులూపారు. నేనూ ఊపాను, మైనంతో సహా.

మార్చి 7, శుక్రవారం, పొద్దున

నిలబడింది! నా పిల్ల నిలబడింది! అల మొదలైన చోటినుంచి ఒడ్డుదాకా, పడకుండా, చేతులు రెక్కల్లా చాపుకుని! ఒడ్డున కుర్చీ వేసుకుని చూస్తున్న నేను లేచి పెట్టిన కేకకి కుక్కలు మొరిగాయి. అమ్మమ్మా చూశావా చూశావా అని పరిగెత్తుకొచ్చి తడి ఒంటితో వాటేసుకుంది. చీరంతా ఉప్పు. పోతే పోయింది.

ఆ ఊపులోనే అడిగేశాను, నేను నీకు అడ్డమా అని.

అది నవ్వలేదు. నువ్వెళ్ళిపోతే ఆ ఇంట్లో నాతో మాట్లాడేది లాప్‌టాప్ ఒక్కటే, ఉండవే అమ్మమ్మా అంది.

అయితే ఆ మాట రేపు మీ అమ్మతో చెప్పు అన్నాను. అమ్మతోనా, బాబోయ్ అంది. తాటిచెట్టంత అలకి భయపడదు, నా కూతురికి భయపడుతుంది.

మార్చి 8, శనివారం

కూతురు దిగింది. చెప్పులైనా విప్పకుండా సూట్‌కేసేదీ అంది. సర్దలేదన్నాను. నేనే సర్దుతానని నా చీరలు మంచం మీద పడేసింది.

నేను చెప్పాల్సింది చెప్పాను. నీ దగ్గర నన్ను భద్రంగా చూస్తావు, కాదనను. బీరువాలో వెండిగిన్నెని కూడా భద్రంగానే చూస్తారు. దాంట్లో మాత్రం ఎవరూ తినరు.

అది నోరు తెరిచేలోపు తలుపు చాటునుంచి పిల్ల బయటికొచ్చింది. అమ్మమ్మ నాకు అడ్డం కాదమ్మా, నేను పంపను అంది. పట్టుకున్న తలుపు రెక్క వదల్లేదు. అన్న మాటా వదల్లేదు.

కూతురు మంచం మీద కూలబడింది. నా చీర ఒకటి ఒళ్ళోకి తీసుకుని మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. ఇద్దరూ ఒకటయ్యారు, ఇంక నా మాటెవరు వింటారు అంది. కళ్ళు తుడుచుకుంటూనే షరతు పెట్టింది. ఉండు. కానీ సముద్రంలోకి మాత్రం వెళ్ళకూడదు. కన్నతల్లిని నేనెరగనా, ఒట్టు వెయ్యి అంది. పిల్ల తలమీద నా చెయ్యి పెట్టించింది.

వేశాను. నేను సముద్రంలోకి వెళ్ళను.

మార్చి 12, బుధవారం, పొద్దున

వెళ్ళలేదు. ఒడ్డున నా కుర్చీలో నేను కూర్చున్నాను. పోటు మీద సముద్రమే వచ్చింది, మోకాళ్ళ దాకా. వచ్చిన చుట్టాన్ని పొమ్మంటామా?